సరదాగా చేసే టీవీ కంపెనీ లోగో నిజంగా ఆ కాలందే అనిపించాలంటే ఏం చెయ్యాలి

తమ్ముడూ, నీ వీడియో మొత్తం చూశాను, సౌండ్ పెట్టుకుని ఒకసారి, తీసేసి ఒకసారి. నువ్వు అడిగింది ఇదీ: 1996లో మన మద్రాసులో తెలుగు సీరియల్స్ తీసే కంపెనీ ఒకటి ఉండేదని ఊహించుకున్నావ్, దానికి మెరీనా లైట్‌హౌస్ గుర్తుగా లోగో యానిమేషన్ బ్లెండర్ అనే 3డీ సాఫ్ట్‌వేర్‌లో చేశావ్, 14 సెకన్లు వచ్చింది, తిరిగే భూగోళం, అలలు, పక్షులు, బంగారు అక్షరాలు, చివర్లో పెద్ద లెన్స్ ఫ్లేర్ (కెమెరా లెన్స్‌లో వెలుగు చిందినట్టు కనిపించే మెరుపు), కష్టపడ్డావ్ కానీ చూసినవాళ్లంతా ఏదో టెంప్లేట్‌లా ఉందంటున్నారు, ఎందుకు అని. నేను సాలిగ్రామం, వడపళని వైపు ఎడిటింగ్ రూముల్లో టైటిల్స్, గ్రాఫిక్స్ పనిలోనే ఉన్నా చాలా ఏళ్లుగా, కాబట్టి కొంచెం వివరంగానే చెప్తా, ఓపిగ్గా చదువు.

నీ పనితనంలో లోపం లేదు, మోడలింగ్ బాగుంది. అసలు విషయం ఏంటంటే నీ లోగో వెనకాల కంపెనీ లేదు. ఇవాళ బ్లెండర్ ఫ్రీ, ఏదైనా చెయ్యొచ్చు, అందుకని నువ్వు అన్నీ చేసేశావ్. 1996లో ఒక చిన్న నిర్మాతకి ఆ వీలు లేదు, ఒక్క ఐడియాకి సరిపడా డబ్బు, ఒక్క రాత్రికి సరిపడా రెండర్ టైమ్ (కంప్యూటర్ ఫ్రేముల్ని లెక్కగట్టి తయారుచేసే సమయం), అంతే ఉండేది. ఆ ఇరుకులోంచే ఆ కాలం లోగోలకి ఆ రూపం వచ్చింది. నువ్వు ఆ రూపాన్ని పైపైన తెచ్చుకుంటున్నావ్, ఇరుకుని తెచ్చుకోలేదు.

అందుకే మళ్లీ మౌస్ పట్టుకునే ముందు ఒక పేపర్ మీద ఆ కంపెనీ కథ రాసుకో. నిర్మాత ఎవరు, ఆఫీసు ఎక్కడ, సీరియల్ ఏ చానల్‌కి వెళ్తుంది, గ్రాఫిక్స్ ఎవరు చేశారు, ఏ మెషిన్ మీద. 1996 ఎంచుకోవడం మాత్రం చాలా బాగుంది తెలుసా. 1995లోనే జెమినీ టీవీ, ఈటీవీ రెండూ మొదలయ్యాయి, ఒక్కసారిగా తెలుగు సీరియల్స్‌కి గిరాకీ వచ్చింది, మద్రాసులో ఉండిపోయిన మన తెలుగు టెక్నీషియన్లు కోడంబాక్కం, వడపళని చుట్టూనే ఉన్నారు, కాబట్టి అలాంటి కంపెనీ ఒకటి పుట్టడం పూర్తిగా నమ్మేలా ఉంటుంది. పైగా ఆ 1996లోనే మద్రాసు పేరు అధికారికంగా చెన్నై అయింది. అంటే నీ లోగో కింద చిన్న లైన్‌లో ఊరి పేరు వేస్తే "మద్రాస్ - 600 026" అని వేయాలా, "చెన్నై - 600 026" అని వేయాలా అన్నది నువ్వు తేల్చుకోవాల్సిన ప్రశ్న. నేనైతే మద్రాస్ అనే వేస్తా, ఎందుకంటే లెటర్‌హెడ్లు, బోర్డులు పేరు మారిన మర్నాడే మారిపోవు కదా. ఇలాంటి చిన్న చిన్న నిర్ణయాల్లోనే చూసేవాడికి నమ్మకం కుదురుతుంది, లెన్స్ ఫ్లేర్‌లో కాదు.

ఇప్పుడు నిడివి. 14 సెకన్లు సినిమా బ్యానర్‌కి సరిపోతుంది, హాల్లో లైట్లు ఆరాక దేవుడి బొమ్మ, శ్లోకం, పేరు అన్నీ నింపాదిగా వస్తాయి. టీవీలో అరగంట స్లాట్ అంటే యాడ్స్ పోను మిగిలేది ఓ ఇరవై రెండు నిమిషాలు, అందులో టైటిల్ సాంగ్, రీక్యాప్ పోతాయి, ఇక లోగోకి ఎవడిస్తాడు 14 సెకన్లు? మూడు, నాలుగు సెకన్లు, అంతకు మించి అనుకోకు. మన టీవీ పాల్ పద్ధతి, సెకనుకి 25 ఫ్రేములు, అంటే నీ చేతిలో ఉన్నది 100 ఫ్రేములు. ఆ లెక్క గోడ మీద రాసి పెట్టుకో.

100 ఫ్రేముల్లో ఒక్క పనే జరుగుతుంది. జనానికి గుర్తుండిపోయిన వాటిని చూడు. అమెరికాలో ఎమ్‌టీఎమ్ అని నటి మేరీ టైలర్ మూర్, ఆవిడ భర్త గ్రాంట్ టింకర్ 1969లో పెట్టిన టీవీ కంపెనీ ఉంది, వాళ్ల లోగోలో పిల్లికూన నోరు తెరిచి మ్యావ్ అంటుంది, ఎమ్‌జీఎమ్ సినిమా కంపెనీ లోగోలోని సింహం గర్జనకి సరదా జవాబన్నమాట. అయిపోయింది, అంతే లోగో. స్టీఫెన్ కానెల్ అనే రచయిత కంపెనీ లోగోలో ఆయనే టైప్‌రైటర్ ముందు కూర్చుని టైప్ చేసి కాగితం లాగి గాల్లోకి విసురుతాడు, ఆ కాగితం వెళ్లి కంపెనీ గుర్తులో కలుస్తుంది. గ్రేసీ ఫిల్మ్స్ అనే ఇంకో కంపెనీ వాళ్లది సినిమా హాలు, మాట్లాడుకుంటున్న జనాన్ని ఒకావిడ ష్ష్ అంటుంది. ఒక పని, ఒక శబ్దం, పేరు.

మన దగ్గర ఇంకా పాత పాఠం ఉంది, అదీ మన మద్రాసులోనే. వాసన్ గారి జెమినీ సినిమా స్టూడియోకి బాకా ఊదే ఇద్దరు పిల్లలు, జెమినీ అంటే మిథున రాశి, ఆ రాశిలో ఉన్నది కవలలు కాబట్టి. నాగిరెడ్డి, చక్రపాణి గార్ల విజయా వారికి జెండా మీద కపిరాజు, విజయుడంటే అర్జునుడు, ఆయన రథం మీద ఎగిరేది ఆ జెండానే. పేరులోంచి బొమ్మ పుట్టింది, బొమ్మ చూస్తే పేరు గుర్తొస్తుంది. ఆ బొమ్మలు నువ్వు వాడమని చెప్పట్లేదు, అస్సలు వాడకు, కానీ ఆ ఆలోచన ఎలా నడిచిందో చూడు.

నీ లైట్‌హౌస్‌కి ఆ బలం ఉంది. అందుకే భూగోళం తీసెయ్, పక్షులు తీసెయ్, అలలు కూడా తీసెయ్, బాధగానే ఉంటుంది కానీ తీసెయ్. మెరీనా లైట్‌హౌస్ 1977లో వచ్చింది, మూడు పలకల కట్టడం, ఎరుపు తెలుపు పట్టీలు. అంతకుముందు దీపం హైకోర్టు బిల్డింగ్ గుమ్మటం మీద ఉండేది. నువ్వు మోడల్ చేసింది మాత్రం గుండ్రటి టవర్, ఏ దేశంలోనైనా ఉండేలాంటిది, అది మెరీనాది కాదు. ఒకసారి సాయంత్రం బీచ్‌కి వెళ్లి రోడ్డు అవతల నుంచి నిలబడి చూడు, ఫొటోలు తియ్, పలకల అంచు ఎక్కడ పడుతుందో, రెండు ముఖాల మీద వెలుగు ఎలా తేడాగా ఉందో చూడు. ఆ అంచే నీ లోగోకి ప్రాణం, ఎందుకంటే ఒక ముఖం వెలుగులో, ఒక ముఖం నీడలో ఉంటే చాలు, రెండు రంగుల్లోనే టవర్ నిలబడిపోతుంది. ముందు దాన్ని ఇంక్‌స్కేప్ అనే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్‌లో ఫ్లాట్‌గా గియ్, నలుపు తెలుపుల్లో, గోరంత సైజుకి తగ్గించి చూడు. అంత చిన్నదిగా కూడా గుర్తుపట్టగలిగితే అప్పుడు బ్లెండర్ తెరువు. లెటర్‌హెడ్ మీద, క్యాసెట్ లేబుల్ మీద సింగిల్ కలర్‌లో అచ్చు వేయలేని గుర్తు ఆ రోజుల్లో ఏ నిర్మాతకీ పనికిరాదు.

యానిమేషన్ అంటావా, లైట్‌హౌస్ చేసే పని ఒక్కటే, వెలుగు తిప్పడం. చీకట్లో టవర్ ఉంటుంది, దీపం వెలుగుతుంది, కిరణం ఎడమ నుంచి కుడికి తిరుగుతుంది, అది తాకిన చోటల్లా అక్షరాలు వెలిగి అలాగే నిలిచిపోతాయి. ఫ్రేముల్లో చెప్పాలంటే మొదటి 8 నలుపు, 20కల్లా దీపం, 20 నుంచి 50 దాకా కిరణం, 50 నుంచి 92 దాకా ఏమీ కదలకుండా పేరు నిలబడాలి, చివరి 8 ఫేడ్. నీ వీడియోలో పేరు పూర్తిగా వచ్చాక అర సెకను కూడా ఆగలేదు, వెంటనే ఫ్లేర్ కొట్టేశావ్, చదవడానికి టైమ్ ఏది? కనీసం ఒకటిన్నర సెకను పేరుని వదిలెయ్.

ఇంకో ముఖ్యమైన సంగతి. బ్లెండర్‌లో కీఫ్రేమ్ (ఏ ఫ్రేములో వస్తువు ఎలా ఉండాలో చెప్పే గుర్తు) పెడితే అది మామూలుగా బెజియర్‌లో వస్తుంది, మెల్లగా మొదలై మెల్లగా ఆగుతుంది. చాలా వాటికి అది బాగుంటుంది, లైట్‌హౌస్‌కి బాగోదు. అది మోటారు మీద తిరిగే దీపం, ఎప్పుడూ ఒకటే వేగం. గ్రాఫ్ ఎడిటర్‌లో కిరణం కీఫ్రేములన్నీ సెలెక్ట్ చేసి లీనియర్ పెట్టు, తేడా నీకే తెలుస్తుంది. కిరణానికి వాల్యూమెట్రిక్ లైట్ (గాల్లో పొగలా కిరణం కనిపించేలా లెక్కగట్టే లైట్) వాడకు, పారదర్శకంగా ఉండే శంఖువు ఒకటి, చివరికి పోయేకొద్దీ పలచబడే గ్రేడియంట్, అంతే, ఆ రోజుల్లో అలాగే చేసేవాళ్లు.

అక్షరాల దగ్గర కొంచెం ఎక్కువ సేపు ఉంటా, ఎందుకంటే మనవాళ్లు ఎక్కువగా పడిపోయేది ఇక్కడే. నువ్వు పేరుకి వాడిన ఫాంట్ రామభద్ర అనుకుంటా. మంచి ఫాంటే, కానీ 1996లో అది లేదు, మండలి, ధూర్జటి, సూరన్న ఇవన్నీ చాలా తర్వాత వచ్చినవి. అప్పట్లో డీటీపీ సెంటర్లలో అను ఫాంట్లు, శ్రీలిపి ఫాంట్లు ఉండేవి, కానీ లోగో అంటే ఎక్కువమంది ఆర్టిస్టు దగ్గరికే వెళ్లి బ్రష్‌తో రాయించుకునేవాళ్లు. సినిమా టైటిల్స్ రాసే చేతులు ఈ ఊళ్లో ఎన్ని ఉండేవో! నువ్వూ అదే చెయ్, మందపాటి పేపర్ మీద చదును బ్రష్‌తో, ఇండియన్ ఇంకుతో పేరు పదిసార్లు ఇరవైసార్లు రాయి, బాగా కుదిరినదాన్ని స్కాన్ చేసి ఇంక్‌స్కేప్‌లో ట్రేస్ బిట్‌మ్యాప్ కొట్టు, వంకరలు సరిచెయ్. బాపు గారి చేతిరాత ఫాంట్ మాత్రం వద్దు, ఆయన గీత అంత గుర్తుపట్టేది కాబట్టి చూసినవాడి మనసు నీ కంపెనీ మీద కాక ఆయన మీదికి పోతుంది.

ఇంకా నీ వీడియోలో "స్టూ" దగ్గర ఒత్తు విడిపోయి పక్కకి వచ్చేసింది, గమనించావా? బ్లెండర్ టెక్స్ట్ ఆబ్జెక్ట్ తెలుగు అక్షరాల కూర్పుని సరిగ్గా చెయ్యదు, ఒత్తులు, గుణింతాలు చెదిరిపోతాయి. అందుకని అక్షరాలు ఎప్పుడూ ఇంక్‌స్కేప్‌లోనే తయారుచేసి, ఆబ్జెక్ట్ టు పాత్ కొట్టి, ఎస్‌వీజీగా సేవ్ చేసి, బ్లెండర్‌లోకి ఇంపోర్ట్ చేసుకో, అక్కడ ఎక్స్‌ట్రూడ్, అంటే మందం, ఇవ్వు. బెవెల్, అంటే అంచుల వాలు, మాత్రం చాలా తక్కువ, ఎందుకంటే ప, స, హ లాంటి అక్షరాల్లో తలకట్టు ఒంటికి అంటకుండా విడిగా ఉంటుంది, బెవెల్ పెంచితే ఆ సందు పూడుకుపోయి అక్షరం ముద్దయిపోతుంది. కెమెరా పక్కకి తిరిగితే ఆ తలకట్టు గాల్లో వేలాడినట్టు కూడా కనిపిస్తుంది, కాబట్టి తెలుగు అక్షరాలున్నప్పుడు కెమెరాని ఎదురుగానే ఉంచు, లైటు తిప్పు. నీ ఐడియాకి అది ఎలాగూ కలిసొస్తుంది.

రెండర్ సంగతి. 1990లో ఆటోడెస్క్ కంపెనీ 3డీ స్టూడియో అనే సాఫ్ట్‌వేర్ డాస్ మీద వచ్చింది, 1996లోనే దాని తర్వాతిది, 3డీ స్టూడియో మ్యాక్స్, విండోస్ మీదకి వచ్చింది, నీ ఊహాకంపెనీ గ్రాఫిక్స్ కుర్రాడు ఇంకా డాస్ వెర్షన్ మీదే ఉన్నాడనుకో. అప్పుడు కాంతి ఒక వస్తువు మీద పడి పక్క వస్తువు మీదికి చిందడం ఉండదు, మూలల్లో మెత్తటి నీడలుండవు. బంగారం అంటే నిజమైన ప్రతిబింబం కాదు, ఒక చిన్న బొమ్మని వస్తువు మీద ప్రతిబింబంలా అంటించడం. పైన లేత పసుపు, మధ్యలో తెల్ల గీత, కింద ముదురు గోధుమరంగు, ఇలాంటి గ్రేడియంట్ ఒకటి చేసి ఎన్విరాన్‌మెంట్‌గా పెట్టు, బ్లెండర్ రెండర్ ఇంజిన్ ఈవీలో యాంబియెంట్ అక్లూజన్ (మూలల మెత్తటి నీడలు), బ్లూమ్ (వెలుగు చుట్టూ కాంతి) లాంటివి ఉంటే ఆపెయ్, రెండు లైట్లు చాలు. ఆ మెరుపు వెంటనే వస్తుంది చూడు.

సైజు కూడా అంతే ముఖ్యం. 1920 ఇంటూ 1080లో రెండర్ చేసి పైన వీహెచ్ఎస్ (పాత వీడియో క్యాసెట్) ఫిల్టర్ వేశావ్, అందుకే గింజలు గింజలుగా ఉంది కానీ టేప్‌లా లేదు. పాల్ ఫ్రేము 720 ఇంటూ 576, టీవీలో 4:3గా కనిపిస్తుంది, పిక్సెల్ చదరంగా ఉండదు కాబట్టి 768 ఇంటూ 576లో చేసి తర్వాత 720కి కుదించు, అప్పుడు చూపించేటప్పుడు సున్నా సున్నాలానే ఉంటుంది. ఆ కాలం కదలికకి అసలు గుట్టు ఇంటర్‌లేస్. సెకనుకి 25 ఫ్రేములే అయినా ఒక్కో ఫ్రేము రెండు ఫీల్డులుగా (ఒకదాంట్లో సరి గీతలు, ఇంకోదాంట్లో బేసి గీతలు), అంటే సెకనుకి 50 క్షణాలు కనిపిస్తాయి. నువ్వు 50 ఫ్రేములతో రెండర్ చేసి, ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే వీడియో మార్చే సాఫ్ట్‌వేర్‌లో టింటర్‌లేస్ ఫిల్టర్‌తో పై ఫీల్డు ముందు వచ్చేలా అల్లుకో, అప్పుడు పైన చెప్పిన ఫ్రేము నంబర్లు రెట్టింపవుతాయి, అది మర్చిపోకు. తర్వాత నెట్‌లో పెట్టడానికి దాన్ని మళ్లీ 50కి డీఇంటర్‌లేస్ చేస్తే (ఫీల్డుల్ని తిరిగి పూర్తి ఫ్రేములుగా మారిస్తే) ఆ జారిపోయే నున్నటి కదలిక వస్తుంది, 25కి చేస్తే రాదు. ఒక్క పిక్సెల్ మందం ఉన్న అడ్డగీతలు ఇంటర్‌లేస్‌లో వణుకుతాయి, కాబట్టి టవర్ పట్టీల అంచులు, అక్షరాల సన్న గీతలు కనీసం రెండు మూడు పిక్సెళ్లు ఉండేలా చూడు.

పాత టీవీలు ఫ్రేము అంచుల్ని కోసేసేవి, అందుకే అక్షరాలన్నీ మధ్య 80 శాతంలో, కదలికలు 90 శాతంలో ఉండాలన్నది అప్పటి లెక్క. నీ "మద్రాస్" లైన్ కింద అంచుకి అంటుకుని ఉంది, పైకి జరుపు, ఒత్తులకి కూడా కింద చోటు కావాలి. టేప్ ఎఫెక్ట్ కావాలంటే గింజలకంటే ముందు రంగుని చూసుకో, వీహెచ్ఎస్‌లో వెలుగు వివరం అడ్డంగా ఓ 240 గీతలే, రంగు అంతకంటే చాలా తక్కువ, అందుకే ఎరుపు పక్కకి కారినట్టు కనిపిస్తుంది. రంగు చానల్స్‌ని మాత్రమే అడ్డంగా బ్లర్ చేసి కాస్త కుడికి జరుపు, చాలు. నీ టవర్‌లో ఎరుపు పట్టీలు ఉన్నాయి కాబట్టి అక్కడ అది చాలా అందంగా వస్తుంది.

సౌండ్ దగ్గరికి వద్దాం. నువ్వు పెట్టింది ఇప్పటి సినిమా ట్రైలర్ల దబ్బుమనే బేస్, కళ్లు మూసుకుని వింటే అది 1996 కాదని క్షణంలో తెలిసిపోతుంది. దూరదర్శన్ కన్ను గుర్తొస్తే ముందు గుర్తొచ్చేది ఆ ట్యూనే కదా, పండిట్ రవిశంకర్, షెహనాయ్ విద్వాంసుడు ఉస్తాద్ అలీ అహ్మద్ హుస్సేన్ ఖాన్ చేసింది, ఇప్పటికీ మన పెద్దవాళ్లు వింటే ఆగిపోతారు. అమెరికాలో స్క్రీన్ జెమ్స్ అనే టీవీ కంపెనీ లోగోకి 1965లో ఎరిక్ సైడే సింథసైజర్ మీద కొన్ని స్వరాలు చేశాడు, ఆ నాలుగు సెకన్లకి భయపడ్డ పిల్లలు పెద్దయ్యాక కూడా దాని గురించి చెప్పుకుంటూనే ఉన్నారు. బొమ్మ మామూలుదే, పనంతా శబ్దానిది.

నీ దానికి నా మాట ఏంటంటే, బెసంట్ నగర్ బీచ్‌కి తెల్లవారుజామున వెళ్లి, అల వెనక్కి జారేటప్పుడు వచ్చే శబ్దాన్ని ఫోన్‌లోనే రికార్డ్ చెయ్, గాలి కొట్టకుండా ఫోన్ మీద గుడ్డ కప్పు. దాని మీద వీణ మీద రెండే స్వరాలు, కిరణం బయల్దేరినప్పుడు సా, పేరు పూర్తయిన ఫ్రేములో పా. వీణ నేర్చుకునేవాళ్లు ఈ ఊళ్లో వీధికొకరు ఉంటారు, అడిగితే సంతోషంగా వాయిస్తారు, సాంపిల్ ప్యాక్ కంటే వెయ్యి రెట్లు నయం. ఆడాసిటీ అనే సౌండ్ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో మోనో చెయ్, 120 హెర్ట్జ్ కింద, 10 వేల పైన కత్తిరించు, అప్పటి టీవీ స్పీకర్ అంతకు మించి పలికేది కాదు. పా అన్నది పేరు వెలిగిన ఫ్రేముకి సరిగ్గా పడాలి, రెండు ఫ్రేములు అటూ ఇటూ అయినా చెవికి తెలిసిపోతుంది.

పేరు సంగతి ఒకటి చూసుకో. ఊహాకంపెనీ అయినా నిజంగా ఎవరికైనా ఆ పేరు ఉందేమో ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీ వెబ్‌సైట్‌లో వెతుకు, పబ్లిక్ సెర్చ్ ఉచితం, సినిమా, టీవీ నిర్మాణం క్లాస్ 41లో వస్తుంది. ఉంటే పేరు మార్చెయ్, సరదా పనికి ఇంకొకరి బ్రాండుతో తగువెందుకు. ఏ చానల్ బగ్గునీ (తెర మూలన ఉండే చిన్న చానల్ గుర్తుని) మూలన పెట్టకు, నిజం చానల్లో వచ్చినట్టు అనిపిస్తుంది.

అప్‌లోడ్ చేసేటప్పుడు "1996 నాటి అరుదైన లోగో దొరికింది" అని మాత్రం టైటిల్ పెట్టకు. పాత టీవీ లోగోల్ని, టేపుల్ని ఎంతో ఓపిగ్గా సేకరించి దాచుతున్న వాళ్లున్నారు, మన తెలుగు టీవీ తొలిరోజుల టేపులు అసలే తక్కువ మిగిలాయి, అందులోకి కల్పితం ఒకటి కలిసిపోతే తర్వాత వాళ్లు దాన్ని ఏరలేరు. వీడియో పేరులోనే కల్పిత లోగో అని, వివరాల్లో ఏ సంవత్సరంలో, ఏ సాఫ్ట్‌వేర్‌లో చేశావో, వీణ ఎవరు వాయించారో రాయి. కొత్త వెర్షన్‌కి ముందు ఫ్లాట్‌గా గీసిన నలుపు తెలుపు టవర్, చేత్తో రాసిన పేరు, ఈ రెండూ ఫొటో తీసి నాకు చూపించు, రెండర్ దాకా వెళ్లకముందే అక్కడే సరిచేద్దాం.